మేళంలో హాస్యగాడు

భరతముని రసాలను పేర్కొంటూ శృంగారం వెంటనే హాస్యానికి స్థానం కల్పించాడు. మన సాహిత్య చరిత్రకారులు మాత్రం హాస్యగాడికి అంతటి గౌరవం చూపినట్లు కానరాదు. కవికి ఒక అధ్యాయం, గాయకునికి ఒక పేరా, హాస్యగానికి ఒక వాక్యం - ఇదీ మన లెక్క. సంగీతం వేరు, హాస్యం వేరు అన్న భావం చదువుకున్నవారిలో పాతుకుపోవడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. మన సీమలోని ప్రదర్శన కళలను పరిశీలిస్తే హాస్యగాడు మేళానికి బయటివాడు కాడనీ, మేళంలోనే ఒక వాద్యం వంటివాడనీ తెలుస్తుంది.

ముందుగా తోలుబొమ్మలాటను తీసుకుందాం. తెల్లని తెర వెనుక దీపాలు; తెరకూ దీపాలకూ నడుమ రంగులద్దిన తోలుబొమ్మలు; ఆడించేవారి పక్కనే హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధఘట్టం వస్తే కాళ్ళ కింది చెక్కలను దబదబ తొక్కుతారు. రాముడూ రావణుడూ రాగయుక్తంగా మాట్లాడుతారు. ఇంతలో కథతో ఏ సంబంధమూ లేని కేతిగాడు తెరమీదికి దూకుతాడు. అతని వెంట జుట్టుపోలిగాడు, బంగారక్క. వీరు వాల్మీకికి తెలియరు, వ్యాసునికి తెలియరు. వీరి నోట వచ్చేది పద్యం కాదు, ఆ ఊరి మాట. కొంత మోటుగానే ఉంటుంది; దానికి నొచ్చుకొనే పెద్దలు ముందువరుసలో ఉంటే ఉండవచ్చును. కాని తెల్లవార్లూ సాగే ఆటలో పాడేవారి గొంతుకు విరామం కావాలి, తర్వాతి ఘట్టానికి బొమ్మలు సర్దుకోవాలి, కునుకు తీసే ప్రేక్షకుణ్ణి లేపాలి. ఈ మూడు పనులూ కేతిగాడివే. మద్దెల ఆగినచోట అతని మాట మొదలవుతుంది, మాట ఆగినచోట మద్దెల అందుకుంటుంది.

ఈ బొమ్మలాడించేవారిలో చాలామంది ఇంట మరాఠీ మాట్లాడుకొనే ఆరె కుటుంబాలవారు. ఇంట ఒక భాష, పదిమందిలో తెలుగు - ఇది మన కళాశాల విద్యార్థులలో అనేకులకు తెలిసిన జీవితమే. అటువంటి కుటుంబాలవారే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలను పక్కనబెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. వనారస గోవిందరావుగారు నడిపిన ఆ సమాజమే ఊరి పేరిట సురభి నాటక సమాజమై ప్రసిద్ధికెక్కింది. తెర వెనుక ఉన్నవారు తెర ముందుకు వచ్చారన్నమాట.

సీమ ఎల్లలు దాటి గుంటూరు వైపు చూస్తే ఇదే సంబంధం బుర్రకథలో మరింత స్పష్టంగా కనబడుతుంది. దళంలో ఉండేది ముగ్గురే. తంబుర భుజాన వేసుకొని, వేలికి అందెలు తొడిగి కథ నడిపేవాడు ఒకడు. గుమ్మెటలు వాయిస్తూ వంతపాడేవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరిది రాజకీయ వ్యాఖ్యానం, మరొకరిది హాస్యం. వాయించే చేయీ నవ్వించే నోరూ ఒకే మనిషివి! ఈ ప్రక్రియకు శిఖరం వంటివాడు పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్. దూదేకుల కుటుంబంలో పుట్టి, తన ఆత్మకథకు ‘పింజారి’ అనే పేరునే సగర్వంగా నిలుపుకొన్నారు. ప్రజానాట్యమండలి పక్షాన ఊరూరా తిరిగి బెంగాలు కరువును కథగా చెప్పారు. ‘పల్నాటి యుద్ధం’, ‘బొబ్బిలి యుద్ధం’ చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కన్నుమూశారు. బుర్రకథను ప్రభుత్వం నిషేధించిన రోజులూ ఉన్నాయి. కరువు కథలో హాస్యమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. ఏడ్చి అలసిన శ్రోత మళ్ళీ వినడానికి సిద్ధపడేది ఆ నవ్వువల్లనే.

సినిమారంగంలో మన జిల్లాలకు దక్కిన హాస్యనటుడు పద్మనాభం. 1931లో కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టారు. ఆయన నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ 1967లో విడుదలయింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినీ నేపథ్య గాయకుడైనది ఆ చిత్రంతోనే. ఒక హాస్యగాడు తెలుగువారికి ఒక గాయకుణ్ణి ఇచ్చాడు.

ఇది మన దేశపు విచిత్రం మాత్రమే కాదు. ఆంగ్ల సాహిత్య విద్యార్థులు షేక్‌స్పియర్ ‘ట్వెల్త్ నైట్’ నాటకంలోని విదూషకుడు ఫెస్టె పాటలు పాడటం గమనించే ఉంటారు. ఇరవయ్యో శతాబ్దిలో బి.బి.సి. రేడియో ‘గూన్ షో’తో నవ్వించిన పీటర్ సెల్లర్స్ అంతకుముందు బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు. ఆయన హాస్య రికార్డులను రూపొందించిన జార్జి మార్టినే 1962లో లివర్‌పూల్ కుర్రవాళ్ళు నలుగురిని చేరదీసి బీటిల్స్ రికార్డులు చేశాడు. ఆ నలుగురిలో ఒకడైన జార్జి హారిసన్, మాంటీ పైథాన్ అనే హాస్యబృందం తీయగా 1979లో విడుదలైన సినిమాకు తన ఇల్లు తాకట్టుపెట్టి డబ్బు సమకూర్చాడు. మేళగాడు హాస్యగాణ్ణి తనవాడనుకున్నాడు కనుకనే ఆ సాహసం.

అయితే వారికీ మనకూ ఒక భేదం ఉంది. 1950లలో సెల్లర్స్ వేసిన ఛలోక్తులు నేటికీ వినవచ్చును. నాజర్ దళం కథ కొంత ‘అగ్గిరాముడు’ (1954) చిత్రంలో నిలిచింది. కేతిగాడి మాటలో? రామాయణ పద్యాలు తాళపత్రాలనుండి అచ్చుకెక్కాయి. అతని మాట ఏ రాత్రికారాత్రి పుట్టి తెల్లవారేసరికి ఆరిపోయింది. మన పల్లె తెలుగు, అందులో కలిసిపోయిన దక్కనీ పలుకులు, కరువు నాటి వెటకారాలు ఎన్ని ఆ విధంగా పోయాయో!

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో బొమ్మలాటవారి కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటలు తగ్గి, తోలుమీద దీపపు తొడుగులూ గోడకు తగిలించే బొమ్మలూ చేసి అమ్ముతున్నారు. కేతిగాడి మాట నోటికి వచ్చిన వృద్ధులు ఉండగానే వెళ్ళాలి. కర్నూలునుండి ధర్మవరానికి రైలు ఉంది. టేపురికార్డరు కూడా అవసరం లేదు, విద్యార్థి జేబులోని ఫోను చాలును. మన తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి ఒక్క వేసవి సెలవులలో చేయదగిన పని అది.