మూలము, శాఖలు, ప్రతులు: స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థలలో తెలుగు ఖతుల స్థాపన

తెలుగు పరిశోధకుడు నేడు తన సిద్ధాంత గ్రంథమును కంప్యూటరుపై వ్రాయుచున్నాడు. ఆ వ్రాత పది సంవత్సరముల పిదప, మఱియొక యంత్రముపై, మఱియొకరి చేత చదువబడునా? ఈ ప్రశ్నకు సమాధానము రచనలో లేదు. రచన వెనుకనున్న అక్షర వ్యవస్థలో కలదు. పూర్వము యూనికోడు పద్ధతి ననుసరింపని ఖతులతో (ఖతి యనగా ఫాంటు) వ్రాయబడిన వ్యాసములు, ఆ ఖతి లేని యంత్రముపై తెఱచిన వెంటనే అర్థములేని రోమను లిపి గుర్తులుగ మాఱిపోవుట మనలో పలువురకు అనుభవమే. ఈ దురవస్థ తొలగుటకు తోడ్పడు సాధనములలో ఒకటి ప్యాకేజీ. దాని స్వరూపమును, ఒకే వంశమునకు చెందిన వేర్వేఱు వ్యవస్థలలో దాని సంచారమును భాషాశాస్త్ర విద్యార్థికి తెలియునట్లు వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. అక్షరము, రూపము

మహానంది, నంద్యాల అను రెండు స్థలనామములను గైకొందము. యూనికోడు దృష్టిలో రెండింటికిని ఏడేసి సంకేతములు కలవు. మొదటిది మ, హ, దీర్ఘము, న, సున్న, ద, గుడి. రెండవది న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘము, ల. కాని కంటికి మొదటిదానియందు నాలుగు అక్షరములును, రెండవదానియందు మూడే అక్షరములును కన్పట్టును. దకారము, పొల్లు, యకారము, దీర్ఘము కలిసి ‘ద్యా’ యను ఒక్క అక్షరమైనవి. కంప్యూటరు భద్రపఱచునది సంకేతములను మాత్రమే. వానిని కూర్చి సంయుక్తాక్షరముగ చూపవలెనన్నచో రెండు వస్తువులు కావలెను: అక్షరములను కూర్చు ప్రోగ్రాము ఒకటి, ఆయా రూపములు గల ఖతి మఱియొకటి. వీనిలో ఏది లేకున్నను పదము చెడును. ఒక వస్తువు మఱియొకదానిపై ఆధారపడియుండు ఈ సంబంధమునకే ప్యాకేజీ పరిభాషలో ఆధారత యని పేరు.

2. వంశవృక్షము

1969 లో బెల్ పరిశోధనాలయమున పుట్టిన యూనిక్సు ఈ వంశమునకు మూలపురుషుడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పెరిగిన దాని శాఖనుండి 1993 లో ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ వెలువడినవి. నెట్‌బీఎస్‌డీనుండి 1995 లో ఓపెన్‌బీఎస్‌డీ చీలినది. వేఱొకవైపున, 1983 లో ప్రకటింపబడిన గ్నూ ఉద్యమము, 1991 లో వచ్చిన లినక్సు కెర్నెలు కలియగా డెబియన్ (1993), ఫెడోరా (2003), డెబియన్‌నుండి పుట్టిన ఉబుంటు (2004) మొదలగునవి ఏర్పడినవి. లినక్సు బర్క్‌లీ శాఖవలె యూనిక్సు మూలపాఠమునుండి ప్రతి తీయబడినది కాదు; దాని పద్ధతి ననుసరించి నూతనముగ రచింపబడినది.

ఈ వ్యవస్థలన్నియు చూపునకు ఏకకుటుంబమే. అయినను ఒకదానికై యంత్రభాషలోనికి మార్చిన ప్రోగ్రాము మఱియొకదానిపై సామాన్యముగ నడువదు. కెర్నెలును ప్రోగ్రాము పిలుచు పద్ధతులు భిన్నములు. సహాయక గ్రంథాలయముల వెర్షనులు భిన్నములు. ఫైళ్లను ఉంచు స్థానములును భిన్నములు. కావున మూలపాఠము ఒక్కటియైనను ప్రతి శాఖకును ప్రత్యేకముగ ప్రతిని సిద్ధపఱుపవలసి యున్నది.

3. బ్రౌను పండితులు, నేటి నిర్వాహకులు

1820 లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను అనంతర కాలమున అచ్చట పండితులను నియమించి, ఒకే కావ్యమునకు పలు తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠాంతరములను సరిచూపించి, శుద్ధప్రతులను వ్రాయించిన సంగతి సాహిత్య విద్యార్థులకు సుపరిచితమే. ప్యాకేజీ నిర్వాహకుడు చేయునదియు ఇంచుమించు ఇట్టిదే. అతడు మూలకర్త విడుదల చేసిన పాఠమును గ్రహించును. మధ్యలో ఎవ్వరును మార్చలేదని సరిచూచును. తన వ్యవస్థకు అనుగుణములైన స్వల్ప సవరణలను మూలమున కలిపివేయక వేఱుగ చూపును. ఏ తేదీన ఏమి మార్చెనో, ఏ హక్కుపత్రము ననుసరించి పంచుచున్నాడో వ్రాసిపెట్టును.

ఈ వివరములు డెబియన్‌లో ఒక ప్రత్యేక ఫోల్డరునందు కంట్రోల్, రూల్స్, చేంజ్‌లాగ్, కాపీరైట్ అను ఫైళ్లుగ ఉండును. ఫెడోరాలో స్పెక్ అను ఒకే ఫైలు ఈ పనులలో పెక్కింటిని నిర్వహించును. ఫ్రీబీఎస్‌డీలో 1994 నుండి ఉన్న పోర్టుల పద్ధతిలో మేక్‌ఫైలు నిర్మాణ విధానమును చెప్పును. డిస్టిన్‌ఫో అను ఫైలు మూలము యొక్క పరిమాణమును, పరీక్షాసంఖ్యను చెప్పును. మూలమున ఒక్క అక్షరము మాఱినను ఆ సంఖ్య మాఱిపోవును. లేఖకదోషమును పట్టుటకు తాళపత్ర యుగమున ఇట్టి సాధనము లేకపోయెను. నెట్‌బీఎస్‌డీవారు 1997 లో ప్రారంభించిన పీకేజీఎస్సార్సీ మఱియొక అడుగు ముందునకు వేసి, ఒకే నిర్మాణ సూత్రముతో పెక్కు వ్యవస్థలపై ప్రతులు సిద్ధమగు మార్గమును చూపినది.

4. తెలుగు ఖతుల ఉదాహరణము

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛా హక్కుపత్రముతో విడుదల చేసిన పోతన, వేమన ఖతులును, రెడ్‌హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఖతులలోని తెలుగు ఖతియు ఈ విషయమునకు చక్కని తార్కాణములు. లోహిత్ తెలుగు ఖతి డెబియన్‌లో ఫాంట్స్-లోహిత్-తెలు అనియు, ఫెడోరాలో లోహిత్-తెలుగు-ఫాంట్స్ అనియు పిలువబడును. మొదటి పేరులోని ‘తెలు’ అచ్చుతప్పు కాదు. లిపులకు అంతర్జాతీయముగ నిర్ణయించిన నాలుగు రోమను అక్షరముల సంకేతము. అట్లే పోతన, వేమన ఖతులు డెబియన్‌లో ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అను ఒకే ప్యాకేజీలో నున్నవి. ఫెడోరాలో వేర్వేఱు ప్యాకేజీలుగ నున్నవి. పేరు తెలియక వెదకినవాడు ఖతియే లేదని భ్రమపడు అవకాశము కలదు.

స్థాపన విధానము సులభము. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఫ్రీబీఎస్‌డీలో పీకేజీ అను సాధనమునకు ప్యాకేజీ పేరును చెప్పవలెను. అది ఆధారతలను పరిశీలించి, ఫైళ్లను తెచ్చి, ప్రామాణికతను సరిచూచి, తగిన స్థానమున ఉంచును. లినక్సు శాఖలలో ఖతులు యూఎస్సార్ క్రింద షేర్ అను ఫోల్డరులోను, ఫ్రీబీఎస్‌డీలో యూఎస్సార్ లోకల్ క్రిందను చేరును. ఖతి యంత్రభాషలోని ప్రోగ్రాము కాదు గనుక ప్రాసెసరు ఏ జాతిదైనను ఒకే ప్యాకేజీ సరిపోవును. డెబియన్ దీనిని ‘ఆల్’ అనియు, ఫెడోరా ‘నోఆర్చ్’ అనియు గుర్తించును. ఒక శాఖ ప్యాకేజీని మఱియొక శాఖ ప్యాకేజీగ మార్చు ఏలియన్ అను సాధనము కలదు. ఖతుల వంటి సామాన్య వస్తువులకు అది పనికివచ్చును; వ్యవస్థకు మూలాధారములైన భాగములకు దానిని ప్రయోగించుట క్షేమము కాదు.

5. కలమళ్ళ శాసనము, వెర్షను సమస్య

కడప జిల్లాలోని కలమళ్ళ శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునకు చెందిన రేనాటి చోళుల తెలుగు శాసనము. రేనాటి శాసనములలో కన్పట్టు ‘ఴ’ అక్షరమునకు యూనికోడు తెలుగు పట్టికలో 2014 లో స్థానము లభించినది. అంతకు పూర్వమే స్థిరపడిన ఖతిలో ఆ స్థానమున రూపముండుటకు అవకాశము లేదు. అట్టి ఖతి మాత్రమే యున్న యంత్రముపై ‘చోఴ’ అను పదమును వ్రాసినచో చివర ఒక ఖాళీ చతురస్రము కన్పట్టును. పాఠకుడు దానిని శిథిలాక్షరముగ భావించినచో శాసనపాఠమునకే అన్యాయము జరుగును.

పరిష్కారము ఏమి? ఖతికర్త గాని, హక్కుపత్రము అనుమతించుటచే మఱియెవ్వరైన గాని మూలమున ఆ రూపమును చేర్పవలెను. క్రొత్త వెర్షనునకు సంఖ్య నీయవలెను. ప్రతి శాఖ నిర్వాహకుడు దానిని స్వీకరింపవలెను. అప్పుడు మాత్రమే మహానంది పుష్కరిణిలో ఉబికిన ఊటనీరు కాలువల వెంట చుట్టునున్న పొలములకు చేరినట్లు, ఒకచోట జరిగిన సవరణ అన్ని యంత్రములకును చేరును. హక్కుపత్రము సవరణను నిషేధించినచో ఊట మొదటనే కట్ట వేసినట్లగును.

6. మన కర్తవ్యము

ప్యాకేజీలకు నిర్వాహకులు మనుష్యులే. పెక్కుచోట్ల వారు స్వచ్ఛందముగ పనిచేయువారు. నిర్వాహకుడు తప్పుకొనగా డెబియన్‌వారు ఆ ప్యాకేజీని అనాథగ ప్రకటింతురు. ఎవ్వరును చేపట్టనిచో అది కొంతకాలమునకు తొలగిపోవచ్చును. తెలుగు రాష్ట్రములలో 2005 నుండి స్వేచ్ఛ సంస్థవంటివి ఈ దిశగ కృషి సల్పుచున్నవి. కాని అరసున్న, బండిఱ, ఴకారము, అరుదైన సంయుక్తాక్షరములు సరిగ వచ్చుచున్నవో లేదో చెప్పగలవారు ప్రోగ్రాము వ్రాయువారు కారు. ప్రాచీన గ్రంథములను చదివినవారు. కావున తెలుగు శాఖలు పరిశోధన వ్యాసములను యూనికోడులోనే స్వీకరింపవలెను. వాడిన ఖతి పేరును, వెర్షను సంఖ్యను వ్రాయించుకొనవలెను. దోషములు కన్పట్టినప్పుడు ఖతికర్తకును, నిర్వాహకునకును తెలుపు అభ్యాసమును విద్యార్థులకు కల్పింపవలెను. తాళపత్రమును నూనెతో తుడిచి కాపాడిన గ్రంథరక్షకుల విద్యకు ఇది నేటి రూపము.