కంప్యూటర్‌ను ఆపడం: స్విచ్ పని, సాఫ్ట్‌వేర్ పని

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో బోరుబావి సేద్యం చూసిన విద్యార్థులకు ఈ అంశం తేలికగానే బోధపడుతుంది. మోటారు స్టార్టర్ డబ్బాను గుర్తు చేసుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. కాని మోటారుకు పోయే కరెంటు ఆ బటన్ల గుండా పోదు. ఎర్ర బటన్ లోపలి కాయిల్‌కు కరెంటు తెంపుతుంది. కాయిల్ పట్టు వదలగానే కాంటాక్టులు విడిపోతాయి. కరెంటు పోయినప్పుడు జరిగేదీ ఇదే. అందువల్ల తిరిగి కరెంటు వచ్చినా మోటారు దానంతట అది తిరగదు.

పాత ఎ.టి. తరహా కంప్యూటర్లు ఇంతకంటే మొరటువి. వాటిలో 230 వోల్టుల కరెంటు నేరుగా స్విచ్ గుండానే పోయేది. ఇక ఆపవచ్చునని విండోస్ 95 తెరపై తెలిపి ఊరుకునేది. స్విచ్ తీయవలసింది మనిషే.

1995లో ఇంటెల్ తెచ్చిన ఎ.టి.ఎక్స్. ప్రమాణంతో ఈ పద్ధతి మారింది. ఇప్పుడు ముందున్న బటన్ మదర్‌బోర్డుకు ఒక సంకేతం మాత్రమే పంపుతుంది. బోర్డు దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరవేస్తుంది. అది ప్రోగ్రాములను మూసి, మెమరీలో మిగిలిన సమాచారాన్ని డిస్కుపై రాసి, ఆ తరువాతే పవర్ సప్లైని ఆపిస్తుంది. స్టార్టర్‌కూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఎర్ర బటన్ మాటకు తిరుగు లేదు. కంప్యూటర్ బటన్ చేసేది విన్నపం.

ఇంత తతంగం ఎందుకు? మీరు 'సేవ్' నొక్కిన ప్రతి అక్షరం ఆ క్షణమే డిస్కుకు చేరదు. వేగం కోసం సిస్టమ్ కొంత సమాచారాన్ని కాసేపు మెమరీలోనే ఉంచుతుంది. ఆ సమయంలో ప్లగ్ పీకితే రాసిన అసైన్‌మెంట్ పోవచ్చు, ఒక్కోసారి డిస్కులోని ఫైళ్ల పట్టికే చెడవచ్చు. యు.పి.ఎస్. ఉన్నది గంటల తరబడి పని సాగించడానికి కాదు, సవ్యంగా మూయడానికి కొన్ని నిమిషాలు ఇవ్వడానికి. సిస్టమ్ బిగుసుకుపోయి విన్నపం వినకపోతే బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టండి. అప్పుడు హార్డ్‌వేర్ ఎవరినీ అడగకుండా ఆపేస్తుంది. దీన్ని అలవాటు చేసుకోకండి.

మరొక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆగిన కంప్యూటర్‌లోనూ బటన్ సంకేతం అందుకోవడానికి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఉంటుంది. పవర్ సప్లై డబ్బా లోపల 230 వోల్టులూ ఉంటాయి. కాబట్టి క్యాబినెట్ విప్పే ముందు గోడ స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. ఎర్ర బటన్ నొక్కినా స్టార్టర్ దాకా కరెంటు ఉంటుంది కదా! స్టార్టర్ దగ్గర షాక్ తగిలి రైతులు మరణించిన వార్తలు మనకు కొత్త కావు.

కరెంటు ఏ వేళ వస్తుందో తెలియని రోజుల్లో రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా వాటిని తీసివేయమని ప్రభుత్వం కోరింది. చాలా కంప్యూటర్ల బయాస్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది: కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ కావాలా, వద్దా? ఎప్పుడూ నడవవలసిన సర్వర్‌కు అది ఉండాలి. కరెంటు పదేపదే వచ్చిపోయే చోట, ల్యాబ్ కంప్యూటర్లకు వద్దు.