తొమ్మిదో రోజు మరిచిపోవద్దు

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో పక్క పిల్ల తల మీంచి ఎక్కిన పేను సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి జూలై సగమైపోతుంది. దురద పేను పాకడం వల్ల పుట్టేది కాదు. అది రక్తం పీల్చేటప్పుడు వదిలే లాలాజలం మన ఒంటికి పడక పుడుతుంది. మొదటిసారి పేలు పట్టిన పిల్లకు ఆ దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా ఆడపేను రోజుకు ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతూ పోతుంది. పిల్ల తల గోక్కుంటోందని మనం దువ్వెన తీసే నాటికి ఆ పేను కూతుళ్లు కూడా గుడ్లు పెడుతుంటాయి.

పంజాగుట్ట, అమీర్‌పేటల్లో పేలకు కావలసినంత దారి ఉంది. స్కూలు ఆటోలో ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చునే పిల్లలు, ట్యూషన్‌లో ఒకే ఫోను మీదికి వంగిన నాలుగు తలలు, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో మంచానికి మంచం ఆనించి వేసిన లేడీస్ హాస్టళ్లు. పేనుకు రెక్కల్లేవు, గెంతడం రాదు. ఆరు కాళ్ల చివర ఉన్న గోళ్లతో వెంట్రుకను పట్టుకుని పాకడమొక్కటే దానికి తెలుసు. తలకు తల ఆనితేనే కొత్త చోటికి పోతుంది. రోజూ తలంటుకునే పిల్లకూ పేలు పడతాయి కాబట్టి, దీన్ని శుభ్రం లేనితనంగా చూసి తల్లిని నిందించడం అన్యాయం. తల విడిచిన పేను రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఇల్లంతా మందు కొట్టనక్కర్లేదు. గత రెండు రోజుల్లో వాడిన దిండుగలీబులు, దుప్పట్లు, తువ్వాళ్లు బాగా వేడి నీళ్లలో ఉతికి, దువ్వెనలు అదే వేడినీళ్లలో పది నిమిషాలు నానబెడితే సరిపోతుంది.

చిక్కంతా ఈపులతో. ఈపి మిల్లీమీటరు కంటే చిన్నది. తల్లి పేను దాన్ని మాడుకు దగ్గరగా, వెంట్రుకకు జిగురుతో అతికిస్తుంది. చుండ్రు పొలుసును వేలితో తోస్తే జారిపోతుంది, ఈపి కదలదు. షాంపూకు ఆ జిగురు కరగదు. వారం, తొమ్మిది రోజుల్లో ఈపి పగిలి పిల్లపేను బయటికొస్తుంది. అది ఎదిగి తాను గుడ్లు పెట్టడానికి ఇంకో తొమ్మిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఈ రెండు లెక్కలు గుర్తుంటే వైద్యం సగం అర్థమైనట్టే.

మందుల షాపులో సాధారణంగా ఇచ్చేది ఒక శాతం పెర్మెత్రిన్. తలంటి, తువ్వాలుతో తుడిచి, తడి వెంట్రుకలకు మాడు దాకా పట్టించి పది నిమిషాలుంచి కడిగేయాలి. ఇది తిరిగే పేలను చంపుతుంది, ఈపుల్లో చాలావాటిని వదిలేస్తుంది. మిగిలిన ఈపులు పగిలాక, వాటి పిల్లలు గుడ్లు పెట్టే ఈడుకు రాకముందే, అంటే తొమ్మిదో రోజున, మళ్లీ పట్టించాలి. చాలా ఇళ్లలో ఈ రెండో విడతే జరగదు. పది రోజులకు పేలు కనిపిస్తే మందు నకిలీదన్న అనుమానం వస్తుంది, ఇంకా ఘాటైనది వెతుకుతారు. పెర్మెత్రిన్‌కు లొంగని పేలు ప్రపంచమంతటా పెరుగుతున్న మాటా నిజమే. రెండు విడతలూ సరిగ్గా చేసినా తగ్గకపోతే పిల్లల డాక్టరునో చర్మవైద్యుణ్ణో అడగండి. పేనును నూనెపొరలా కప్పి చంపే డైమెథికోన్ ఉంది. పదిహేను కిలోలు దాటిన పిల్లలకు బరువును బట్టి ఐవర్‌మెక్టిన్ మాత్రలూ ఇస్తారు. ఆ మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయకండి.

ఘాటు కోసం వెతికే ఈ దశలోనే ప్రమాదం జరుగుతుంది. బొద్దింకలకు గీసే చాక్‌పీసును జుట్టుకు రుద్దుతారు, కిరోసిన్ పోస్తారు, దోమల స్ప్రే కొడతారు. మొదటిదాంట్లోనూ మూడోదాంట్లోనూ ఉన్నవి తలకోసం కొలవని పురుగుమందులు. కిరోసిన్ మాడును కాల్చుతుంది, పొయ్యి దగ్గర నిప్పంటుకుంటుంది. నేను అందరికన్నా ఎక్కువ భయపడేది సీతాఫలం గింజలకు. మహబూబ్‌నగర్ వైపు నుంచి బాలానగర్ సీతాఫలాలు నగరానికి దిగే రోజుల్లో, తిన్న గింజలను ఎండబెట్టి నూరి తలకు పట్టించడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ గింజల్లోని ఎసిటోజెనిన్లు పేలను చంపుతాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ పొడి చెమటతోనో నీళ్లతోనో కంట్లోకి జారితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని, కన్ను ఎర్రబడి, తెరవలేనంత మంట పుడుతుంది. ఇలాంటి కేసులు కంటివైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. చెట్టుది కదా, ఏం చేస్తుందిలే అని పిల్లల కంటితో పందెం కాయొద్దు.

మందు లేకుండా పని చేసేది పేల దువ్వెన. ఇజ్రాయెల్‌లోని లాకిష్ తవ్వకాల్లో 2016లో దొరికిన ఏనుగుదంతపు దువ్వెన సుమారు 3,700 ఏళ్లనాటిది. దాని మీద చెక్కి ఉన్నది జుట్టులోనూ గడ్డంలోనూ పేలు పోవాలన్న కోరికేనని 2022లో చదివారు. ఒక పంటి మీద పేను అవశేషం కూడా దొరికింది. మనిషి ఆ రోజు నుంచీ నమ్మిన పద్ధతిని 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్ష కొలిచి చూసింది. తడి జుట్టును పదేపదే దువ్విన పిల్లల్లో 57 శాతానికి పేలు పోగా, పురుగుమందు వాడినవారిలో 13 శాతానికే పోయాయి. చేసే తీరు ఇదీ: జుట్టు తడిపి, కండిషనర్ బాగా పట్టించి, పాయలు పాయలుగా విడదీసి మాడు నుంచి కొస దాకా దువ్వాలి. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడిచి చూడాలి. మూడు నాలుగు రోజులకోసారి, కనీసం రెండు వారాలు. పొడుగుజుట్టుకు అరగంట పైనే పడుతుంది. ఆడపిల్లకు గుండు చేయించి ఏడిపించే బదులు ఆ అరగంట ఇవ్వడం మేలు.

రక్తం పీల్చే పురుగంటే జబ్బు మోస్తుందన్న భయం సహజం. పంజాగుట్టకు దగ్గర్లోని బేగంపేటలోనే 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. టైఫస్‌ను పేలు మోస్తాయని 1909లో ట్యునిస్‌లో చార్లెస్ నికోల్ తేల్చాడు గానీ, అవి బట్టల్లో ఉండే ఒంటిపేలు. తలపేల వల్ల అలాంటి జబ్బులు వ్యాపించవు. పేనుకొరుకుడు అని పిలిచే, జుట్టు గుండ్రంగా ఊడిపోయే రోగానికీ పేలకూ సంబంధం లేదు. గోకిన పుండ్లు చీము పట్టినా, మెడ వెనక బిళ్లలు కట్టినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

బడివాళ్లకు ఒక మనవి. పేలు కనిపించిన పిల్లను బెంచీ మీంచి లేపి ఇంటికి పంపకండి. ఆమె తలలో అవి ఇప్పటికే నెలరోజులుగా ఉండి ఉండవచ్చు, కాబట్టి ఒక్క పూట పంపేయడం వల్ల తరగతికి ఒరిగేదేమీ లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా పేల కారణంగా బడి మాన్పించవద్దనే చెబుతోంది. ఎవరి పేరూ చెప్పకుండా, ఆ సాయంత్రమే తరగతి తల్లిదండ్రులందరికీ ఒక మెసేజ్ పెట్టండి: ఈ ఆదివారం అందరూ పిల్లల తలలు చూడండి, పేలున్నవాళ్లందరూ ఒకే రోజు మందు పెట్టండి, తొమ్మిదో రోజు మళ్లీ పెట్టండి.