టవరు గదిలో రెండు తీగెలు

నూజివీడు ప్రాంతమున వైశాఖము వచ్చినదనగా తోట కాపువారికి కంటిమీద కునుకుండదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చును. నున్న మార్కెట్టులో ఆనాటి ధర తెలిసికొనుటకును, లారీని ఏ వేళకు రప్పించవలెనో చెప్పుటకును రైతు చేతనున్న సాధనము సెల్‌ఫోను. సరిగా ఆ దినములలోనే సాయంకాలపు గాలివానలు వచ్చి కరెంటు పోవుచుండును. అయినను ఫోను మ్రోగుచునే యుండుటకు కారణము టవరు పాదమున నున్న బ్యాటరీలు. ఆ బ్యాటరీల శక్తిని యంత్రములకు చేర్చు రెండు తీగెలను గూర్చియే నేటి ప్రసంగము.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మారులు ముందుకును వెనుకకును ఊగులాడును. బ్యాటరీ విద్యుత్తు అట్లు కాదు. అది ఏకముఖముగా ప్రవహించును. 2 వోల్టుల సీసపు సెల్లులు 24 వరుసగా కలిపినచో 48 వోల్టులగును. ఛార్జి అగుచుండగా అది 54 వరకు నుండును. ఈ పద్ధతి పాత టెలిఫోను ఎక్స్ఛేంజిలనుండి సంక్రమించినది. అందులో ఒక వింత కలదు: ఇక్కడ భూమికి కలుపునది ధనధ్రువము. తడినేలలోని రాగితీగె ధనధ్రువమైనచో రాగి కొంచెము కొంచెముగా కరగి తీగె తినివేయబడును; ఋణధ్రువమైనచో నిలుచును. పూర్వులు ఈ సూక్ష్మమును గ్రహించియే అట్లు ఏర్పరచిరి. కనుక ఇతరచోట్ల పని నేర్చినవాడు ఋణధ్రువమే భూమియని తలచి ఇక్కడ తీగెలు కలిపినచో, ప్రమాదమును చేతులార పిలిచినట్లే.

“నలుబదియెనిమిది వోల్టులే గదా, ఏమి చేయును?” అను మాట నేను పలుమారులు వింటిని. పొడిచేతికి అది పెద్దగా తగులదనుట నిజమే. కాని బ్యాటరీ తన రెండు కొసలు లోహముతో కలిసినచో వేయి ఆంపియర్లకు మించిన ప్రవాహమును ఒక్క క్షణమున విడువగలదు. ఒక గదిలో ఉంగరము తీయక పానా పట్టిన యువకుని వ్రేలు కాలుట కన్నులార చూచితిని. పానా ఒక ధ్రువమును, ఉంగరము రెండవ ధ్రువమును తాకినవి, అంతే. అందుచేత ఉంగరము, గడియారము, మెడగొలుసు ముందు తీసివేయవలెను. పానాపిడికి విద్యుత్తు పారని తొడుగుండవలెను. మరియు ఇంటి విద్యుత్తు ప్రతి సెకనున నూరుమారులు సున్నకు వచ్చును గనుక దాని నిప్పురవ్వ ఆరిపోవుట సులభము. ఏకముఖ విద్యుత్తునకు అట్టి విరామము లేదు. భారము మోయుచున్న తీగెను ఊడదీసినచో మెరుపు సాగుచునే యుండును.

ఇక కలుపు క్రమము. ముందుగా సరఫరా పలకవద్ద మీటరుతో ధ్రువములు చూడవలెను. మీటరు నల్లతీగెను భూమికి కలిసిన పట్టీపైనను, ఎర్రతీగెను రెండవదానిపైనను ఉంచినచో 48 మొదలు 54 వరకు గల సంఖ్య ఋణచిహ్నముతో కనబడవలెను. తీగె రంగును నమ్మరాదు. రంగు ఊరూరికి మారును, మీటరు మారదు. పిమ్మట స్విచ్చి కట్టి, ఎవరును వేయకుండ చీటి తగిలించి, మరల మీటరుతో సున్నయని నిశ్చయించుకొనవలెను. కొన్ని యంత్రములకు రెండు సరఫరాలుండును. ఒకటి కట్టినంతమాత్రాన యంత్రము చల్లబడదు.

మొదట యంత్రపు పెట్టెకు భూమితీగె బిగించవలెను. పిడుగుల కాలమున దీనికి మించిన కాపుదల లేదు. తరువాత ధనధ్రువపు తీగె, చివర ఋణధ్రువపు తీగె. యంత్రమువైపు ముందును, సరఫరావైపు పిదపను కలుపవలెను. ఊడదీయునప్పుడు ఈ వరుస తలక్రిందులగును.

బిగింపును గూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలసియున్నది. గదులు కాలుట తరచుగా ఇచ్చటినుండియే. తీగె థింబిల్‌లో దూరకున్నచో కొందరు కొన్ని పోగులు కత్తిరించి దూర్తురు. ఇది తప్పు, తగిన థింబిల్ తేవలెను. మామూలు పటకారుతో నొక్కుట చాలదు, దానికై చేసిన క్రింపింగు పనిముట్టు వాడవలెను. నొక్కిన పిదప చేతితో గట్టిగా లాగి చూడవలెను. వదులు అతుకున ఓములో పదవవంతు అవరోధమున్నదనుకొందము. 20 ఆంపియర్లు పారునప్పుడు అచ్చట 40 వాట్ల వేడి పుట్టును. చిన్న టంకపు కడ్డీ ఆ గదిలో రాత్రింబవళ్ళు వెలుగుచున్నట్లే!

తీగె లావును కూడ లెక్కింపవలెను. బ్యాటరీనుండి యంత్రమునకు 15 మీటర్లనుకొనుడు. పోకరాకలకు 30 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగెలో 20 ఆంపియర్లకు సుమారు ఒకటిముప్పావు వోల్టు దారిలోనే వ్యయమగును. 16 చదరపు మిల్లీమీటర్లదైనచో ముప్పావు వోల్టు కూడ పోదు. బ్యాటరీ అలసిన అర్ధరాత్రి ఆ ఒక్క వోల్టే యంత్రము నిలుచుటకో ఆగుటకో కారణమగును.

స్విచ్చి వేసిన తరువాత యంత్రపు కొసలవద్ద మరల వోల్టులు చూచి, పూర్తి భారముతో ఒక గంట నడచిన పిదప అతుకులయొద్ద వేడిని ఉష్ణమాపకముతో పరీక్షింపవలెను. ఒకే తీరు అతుకులలో ఒకటి మిగిలినవానికంటె వేడిగా నున్నచో సరఫరా కట్టి, దానిని విప్పి మరల క్రొత్తగా చేయవలెను. ఈ పరీక్ష కోతలకు ముందు, చైత్రమాసముననే ముగించుకొనుట మంచిది. గాలివానలో తడిసిన చేతులతో టవరు గదిలోనికి పోవలసిన అగత్యముండదు.