మెదడులో రక్తస్రావము – ఆపత్కాలపు హార్మోనులు

తన పనిపాటలు తాను చేసికొనుచున్న మనుష్యుడు హఠాత్తుగా తల పట్టుకొని కూలబడుట, మాట తడబడుట, మూతి యొక ప్రక్కకు పోవుట, కాలుసేతులు స్వాధీనము తప్పుట మన గ్రామములలో నరుదు కాదు. దీనిని మనవారు పక్షవాతమందురు. ఇది రెండు విధములు. మెదడునకు రక్తము కొనిపోవు నాళము మూసికొనిపోవుట మొదటిది. నాళము పగిలి రక్తము మెదడులోనికి చిమ్ముట రెండవది. ఈ రెండవదానికి ముఖ్యకారణము రక్తపుపోటు. అమెరికా అధ్యక్షుడైన రూజ్వెల్టు 1945 ఏప్రిల్ 12వ తేదీన దీనివలననే మరణించెను.

రోగిని ఆసుపత్రికి చేర్చిన పిమ్మట బంధువులడుగు ప్రశ్నలు రెండే: "బ్రతుకునా? మరల లేచి నడచునా?" దీనికి బదులు చెప్పుటకు వైద్యులు రోగి వయస్సును, స్మృతి యెంతవరకున్నదో దానిని, స్కానులో కనబడు రక్తపుగడ్డ పరిమాణమును, అది యున్న తావును పరిశీలింతురు. వీనికి తోడుగా రోగి రక్తములోని కొన్ని హార్మోనులును సాక్ష్యమియ్యగలవని యిటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి.

హార్మోను లన నేమి? కొన్ని గ్రంథులు తాము తయారుచేసిన రసములను నాళముల మూలమున గాక నేరుగా రక్తములోనికి విడుచును. ఆ రసములకే 1905లో స్టార్లింగు పండితుడు హార్మోనులని పేరిడెను. మూత్రపిండములమీద టోపీలవలె నమరియున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను వానిని విడుచును. ఎలుగుబంటి యెదుటబడినపుడు మన గుండె దడదడ కొట్టుకొనుట అడ్రినలిన్ ప్రభావమే. పోరాడుటకో, పారిపోవుటకో దేహము సిద్ధమగుచున్నదన్న మాట. ఏ విధమైన గాయము తగిలినను దేహము ఇంచుమించు ఒకే రీతిగా స్పందించునని 1936లో హాన్స్ సెల్యే ప్రకటించెను. మెదడులో నాళము పగులుట యట్టి మహాగాయమే గదా!

మన జిల్లానుండియే యొక యుపమానము చెప్పవచ్చును. ఒడిస్సా కొండలలో పడిన వాన మనకు గానరాదు. ఐనను హిరమండలము చెంత గొట్టా ఆనకట్టయొద్ద వంశధార నీటిమట్టము చూచి పైనెంత వాన కురిసెనో గ్రహింతుము. అట్లే కపాలములోని యుపద్రవమెంతటిదో చేతినుండి తీసిన రక్తములోని హార్మోనుల మట్టము కొంతవరకు సూచించును. అంతియేకాదు, వరద తానును గట్లు తెంచునట్లు, మితిమీరిన అడ్రినలిన్ రక్తపుపోటును, రక్తములోని చక్కెరను పెంచును. ఒక్కొక్కప్పుడు గుండెనుగూడ బలహీనపరచును.

అయితే వీనిని కొలుచుట సులభము గాదు. అడ్రినలిన్ కొద్ది నిమిషములలోనే రక్తమునుండి మాయమగును. కార్టిసాల్ ఆరోగ్యవంతునియందే ఉదయమున హెచ్చుగను, నడిరేయి తక్కువగను నుండును. మెదడునుండి వెలువడు వాసోప్రెసిన్ అను మరియొక హార్మోను నిలుకడ లేనిది. కాని యది పుట్టునపుడే దానితో సరిసమానముగా కోపెప్టిన్ అను తునుక పుట్టును. ఇది చెడక నిలుచును, కొలుచుటకు అనువైనది. మెదడులో రక్తస్రావమైనవారిలో కోపెప్టిన్ హెచ్చుగా నున్నవారు మరణించుటయో, అవిటివారగుటయో అధికముగా కనబడెనని 2010లో స్విట్జర్లాండు పరిశోధకులు ప్రకటించిరి.

ఇచ్చట మిక్కిలి జాగరూకత వహింపవలసియున్నది. నీటిమట్టము వరదను చెప్పునేగాని యే యిల్లు నిలుచునో, యేది కూలునో చెప్పజాలదు. ఈ హార్మోనుల లెక్కయు అనేకులను గూర్చిన సామాన్య సూచనయేగాని యొక్క మనుష్యుని విధివ్రాత కాదు. "ఇక లాభము లేద"ని తొందరపడి చికిత్స మానివేసినచో రోగి మరణించును. అప్పుడు మన జోస్యము నిజమైనట్లు తోచును, కాని దానిని నిజము చేసినవారము మనమే! అందువలననే మొదటి యొకటి రెండు దినములలో ఆశ వదలుకొన రాదని వైద్యసంఘములు హెచ్చరించుచున్నవి. లూయీ పాశ్చరుకు 1868లో పక్షవాతము వచ్చి యెడమభాగము చచ్చుబడెను. ఆయన ఆ దేహముతోడనే 1885లో పిచ్చికుక్క కాటునకు టీకామందును ప్రయోగించి బాలుని ప్రాణము కాపాడెను.

విద్యార్థులారా! హార్మోనులను కొలుచుట మన పని గాదు; కాలమును కాపాడుట మన పని. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్టణములోని కింగు జార్జి ఆసుపత్రికి 200 కిలోమీటర్లకు మించిన దూరము. కావున పసరుమందుకై పరుగులిడక, వెంటనే 108కి ఫోను చేసి, తలను స్కాను చేయగల దగ్గరి ఆసుపత్రికి రోగిని చేర్చవలెను. స్మృతి తప్పినవాని నోట నీళ్లు పోయరాదు. అవి యూపిరితిత్తులలోనికి పోవును. ఇంటిలోని పెద్దలకు రక్తపుపోటు చూపింపుడు. వైద్యుడిచ్చిన మాత్రలను "తల నొప్పి లేదుగదా" యని వారు మాననీయకుడు. ఊరగాయలు, ఉప్పుచేపలు మితముగా తినుడని ప్రేమతో చెప్పుడు. నాళము పగిలిన పిమ్మట ఫలితమును ముందుగా నెఱుగుటకంటె అది పగులకుండ కాచుకొనుట వేయిమడుగులు మేలు.