బండికి ముసుగు వేస్తే రంగు నిలుస్తుందా?

కొండవీడు కోట దగ్గర మిట్టమధ్యాహ్నం నిలిపిన బండి ట్యాంకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్నది ఈ పల్నాడు జిల్లాలోనే మరి! ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు మీది పారదర్శకమైన పూతను, అంటే క్లియర్ కోట్‌ను, మెల్లగా పాడుచేస్తాయి. ఎర్ర బండి వెలిసిపోయేది అందుకే. కవరు ఆ కిరణాలకు అడ్డుపడుతుంది, పిట్ట రెట్టలనూ ఆపుతుంది.

మరి కవరు వేసిన బండికి గీతలెందుకు పడతాయి? తప్పు కవరుది కాదు, దుమ్ముది. దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోహ్స్ కొలతలో వాటి కాఠిన్యం 7, గాజునైనా గీసేస్తాయి. క్లియర్ కోట్ మందమేమో సాధారణంగా వెంట్రుకంత కూడా ఉండదు. దుమ్ము దులపకుండా కప్పిన కవరు గాలికి రెపరెపలాడితే, గరుకు కాగితంతో రుద్దినట్టే.

వానాకాలంలో ఇంకో చిక్కు. గాలాడని ప్లాస్టిక్ కింద తడి నిలిచిపోతుంది. గీత లోతుగా పడినచోట ఆ తడి ఇనుముకు చేరి తుప్పు పట్టిస్తుంది, పైన రంగు పొక్కులు లేస్తుంది. సైలెన్సరు చల్లారకముందే కప్పారా, కవరే కరిగి అంటుకుంటుంది!

నా ఓటు షెడ్డు నీడకే. అది లేకపోతే బండి కడిగి, ఆరనిచ్చి, లోపల మెత్తటి బట్ట ఉన్న గాలాడే కవరు వేసి, కింద తాడు బిగించండి.