ఏ నీటికి ఏ ఎర?

1971 అక్టోబరులో అమెరికాలో 24 మంది ఒక విమానం ఎక్కారు. ఎక్కడికి వెళ్తున్నారో వారికి తెలియదు! అందరూ గాలంతో చేపలు పట్టడంలో ఆరితేరినవారే. పోటీ ఏ సరస్సులో జరుగుతుందో నిర్వాహకుడు రే స్కాట్ విమానం గాలిలోకి లేచాక గానీ చెప్పలేదు. అది నెవాడా ఎడారి దగ్గర, కొలరాడో నది మీది హూవర్ ఆనకట్ట వెనుక ఉన్న మీడ్ జలాశయం. కానీ ఎరల పెట్టెలు అప్పటికే సర్దేసుకున్నారు కదా! ఏ ఊరు వెళ్తున్నామో తెలియకుండా గొడుగు పెట్టుకోవాలా, కంబళి పెట్టుకోవాలా అని తికమక పడటం లాంటిదే ఇది.

ఆ పోటీ పేరు బాస్‌మాస్టర్ క్లాసిక్. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. పట్టవలసిన చేప బాస్. అందులో ముఖ్యమైనది పెద్దనోటి బాస్. మన కొర్రమీనుకు ఇది చుట్టం కాదు గానీ, గుణంలో పోలిక ఉంది. రెండూ నాచులోనూ మొద్దుల చాటునా పొంచి ఉండి చిన్న చేపలను, కప్పలను మింగుతాయి. రెండూ పిల్లలను కాపలా కాస్తాయి. బాస్‌లో ఆ పని తండ్రిది. ఇది తిండిని వెంటాడి కొరకడం తక్కువ. దగ్గరకు రాగానే నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. నోట్లోకి నీరు దూసుకుపోతుంది. నీటితోపాటు ఆహారమూ లోపలికి పోతుంది.

ఈ పోటీలో వానపాములు, బతికున్న చేపలు ఎరగా వాడకూడదు. కర్రతో, లోహంతో, ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మ ఎరలే వాడాలి. వాసనా రుచీ లేని బొమ్మను చేప ఎందుకు నమ్ముతుంది?

చేప పక్కల తల నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. దగ్గరలో నీరు కదిలితే ఆ కదలికను చేప దీనితో పసికడుతుంది. నీరు బురదగా ఉంటే కంటికంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అందుకే బురద నీటిలో, తిరిగే వెడల్పాటి రేకు ఉన్న ఎరను లాగుతారు. రేకు తిరుగుతుంటే నీరు దడదడలాడుతుంది. తేట నీటిలో ఈ హడావుడి పనికిరాదు. అక్కడ చేప బాగా చూడగలదు. కాబట్టి ఎర అక్కడి చిన్న చేపల రంగులోనే ఉండాలి, దారం సన్నగా ఉండాలి.

రంగుల సంగతి కూడా చెప్పాలి. పెద్దనోటి బాస్ ఎరుపునూ ఆకుపచ్చనూ బాగా గుర్తుపడుతుందనీ, నిమ్మపసుపుకూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ తేడా పోల్చుకోలేదనీ అమెరికాలో పరిశోధకులు 2019లో ప్రకటించారు. దుకాణంలో వేలాడే వంద రంగులను చూసి మురిసేది చేప కాదు, కొనేవాడే!

రంగు కంటే ముఖ్యమైనది లోతు. వేసవిలో సరస్సు పైనీరు వేడెక్కి తేలికవుతుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా ఉంటుంది. రెండూ సులభంగా కలవవు. పైనీటికి గాలి నుంచి ప్రాణవాయువు అందుతూ ఉంటుంది. అడుగున కుళ్ళే ఆకులూ అలములూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ ఖర్చుచేసేస్తాయి. అందువల్ల చాలా సరస్సుల్లో ఆ అడుగు పొరలో చేపలు ఉండలేవు. అక్కడికి ఎర వేసి ఎంతసేపు కూర్చున్నా వృథాయే.

మరి ఎరను కావలసిన లోతుకు పంపడం ఎలా? కొన్ని ఎరల మూతి కింద ఏటవాలుగా ఒక చిన్న పలక ఉంటుంది. గాలిపటాన్ని గుర్తు తెచ్చుకోండి. ఏటవాలు కాగితాన్ని గాలి తోస్తే అది పైకి లేస్తుంది. ఇక్కడ పలక అటువైపు వాలి ఉంటుంది కాబట్టి, దారం లాగినప్పుడు నీటి తోపుడుకు ఎర కిందికి దిగుతుంది. పలక పొడవైతే ఎక్కువ లోతుకు పోతుంది. లాగడం ఆపితే, తేలే రకం ఎర మెల్లగా పైకి వస్తుంది. గాయపడిన చేపపిల్లలా కనిపించే ఆ క్షణంలోనే బాస్ తరచు దాన్ని అందుకుంటుంది.

ఎరను ఎంత వేగంగా లాగాలో నీటి వేడి చెబుతుంది. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టి మారుతుంది. చన్నీటిలో దానికి ఆకలి తక్కువ, కదలిక తక్కువ. అప్పుడు మెత్తని ప్లాస్టిక్ వానపామును అడుగున నింపాదిగా జరపాలి.

ఇక్కడే లెక్క వస్తుంది. పోటీ రోజుకు 8 గంటలు, అంటే 480 నిమిషాలు అనుకుందాం. ప్లాస్టిక్ వానపామును ఒకసారి విసిరి లాగడానికి 2 నిమిషాలు పడితే రోజంతా 240 సార్లే వేయగలరు. రేకు ఎరకు అర నిమిషం చాలితే 960 సార్లు. అందుకని నేర్పరులు ముందు వేగమైన ఎరతో సరస్సును గాలిస్తారు. ఒక చేప తగిలిన చోట ఆగి, నిదానమైన ఎరతో అక్కడి మిగతా చేపలకోసం చూస్తారు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నదే ఈ ఆటలో కష్టమైన ప్రశ్న.

ఇప్పటి పోటీల్లో సాధారణంగా రోజుకు 5 చేపల బరువునే లెక్కిస్తారు. ఆరో చేప పెద్దదైతే చిన్నదాన్ని నీటిలోకి వదిలేస్తారు. కాబట్టి ముందు అయిదు చేపల లెక్క నింపుకుని, ఆ తర్వాత ఒక్కొక్క పెద్ద చేప కోసం వెతకడం ఒక పద్ధతి.

మొదటి పోటీలో బాబీ మర్రే మూడు రోజుల్లో 43 పౌన్ల 11 ఔన్సుల చేపలు పట్టి, అంటే దాదాపు 20 కిలోలు, 10,000 డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడు, 1972లో, రే స్కాట్ తన పోటీల్లో పట్టిన చేపలను బతికించి తిరిగి వదిలే పద్ధతి పెట్టాడు. పడవలోని తొట్టెలో నీరు మారుస్తూ, గాలి కలుపుతూ చేపలను తూకం దాకా కాపాడాలి. చేప చచ్చిపోతే తూకంలో కొంత తగ్గిస్తారు. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కాబట్టి ఎండాకాలం ఇది కష్టం.

లోతు నుంచి లాగిన చేపకు మరో ప్రమాదం ఉంది. బాస్ కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీటిలో ఎక్కడ కావాలంటే అక్కడ తేలి నిలబడటానికి అది సాయపడుతుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైభాగంలో కంటే రెట్టింపు. చేపను హఠాత్తుగా పైకి తెస్తే ఒత్తిడి సగమై, తిత్తిలోని గాలి రెట్టింపు చోటు కావాలంటుంది. ఆ గాలిని నోటిగుండా వదిలే దారి బాస్‌కు లేదు. పొట్ట ఉబ్బి, నీటిలో వదిలినా మునగలేక వెల్లకిలా తేలుతుంది. లోతుకు పోయే ఎరను చేతిలోకి తీసుకునే ముందే పోటీదారు ఈ సంగతి కూడా ఆలోచించుకోవాలి.